బూడిదరంగు చొక్కా మనిషి

మా శిల్పాల కొట్టంపైన ఈ మధ్య నీలంరంగు ప్లాస్టిక్ రేకులు వేయించారు. ఎండ తగలకుండా బాగానే ఉంది కానీ, వాటి కింద నిలబడితే మనుషులందరూ చలికి బిగుసుకుపోయినట్టు కనిపిస్తారు. మొన్న మా మనవరాలు అక్కడే ఒక విగ్రహాన్ని ఫోన్లో ఫోటో తీసి, ఎవరికో పంపబోతూ నాకు చూపించింది.

"పంపొద్దు మే. నీలం పట్టింది," అన్నాను.

"యాడ జేజీ? నాకేం కనపడ్లేదే."

"కింద ముగ్గు చూడు. ముగ్గుపిండి ఆ రంగులో ఉంటాదా?"

అది ముగ్గు వైపు ఒకసారి, ఫోన్ వైపు ఒకసారి చూసి, ఇవన్నీ నీకెట్ల తెలుసు అని అడిగింది. ఒకాయన నేర్పినాడులే అని చెప్పి లోపలికి వచ్చేశాను. ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది. రంగు చూడటం ఆయన దగ్గర నేర్చుకున్న మాట నిజమే. భయపడటం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

నంద్యాలలో బస్టాండు వెనక సందులో ఆయన స్టూడియో. ఒక గది, ఒక కిటికీ. ఆళ్లగడ్డలో మా ఇంటికి ఫోటోలు తీయడానికి వచ్చేవాడు. మా ఆయన శిల్పి. ఊళ్ళ నుంచి గుడి పెద్దలు ఉత్తరం రాసి విగ్రహం చెప్పేవారు. విగ్రహం పూర్తయ్యాక దాని ఫోటో పంపితే, చూసి సరే అనుకున్నాకే బండి కట్టించుకుని వచ్చేవారు. అంటే ఆరునెలలు ఉలి పట్టిన మనిషి పని మంచిదో కాదో అరచేతిలో పట్టే కాగితం తేల్చేది. ఆ ఉత్తరాలు రాసేదాన్ని నేను. పదో తరగతి దాకా చదివానన్న పాపానికి ఆ పని నా నెత్తిన పడింది.

అంతకుముందు వేరే ఎవరో ఫోటోలు తీసేవారు. నల్లరాతి విగ్రహం ఒకసారి బొగ్గుముద్దలాగా వచ్చేది, ఒకసారి బూడిద పూసినట్టు వచ్చేది. ఒక ఊరివాళ్ళయితే ఇది రాయా, సిమెంటా అని అడుగుతూ ఉత్తరం రాశారు. మా ఆయన ఆ పూట అన్నం తినలేదు. ఆ తర్వాతే నంద్యాలలో ఒకాయన ఉన్నాడు, మనిషి పిరికివాడు కానీ పని గట్టిది అని ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో గానీ, రెండు ముక్కల్లో మనిషినంతా చెప్పేశారు.

మొదటిసారి వచ్చినప్పుడు నేను ఆయన్ని ఎవరింట్లోనో చావు జరిగి వచ్చాడేమో అనుకున్నాను. బూడిదరంగు చొక్కా, బూడిదరంగు ప్యాంటు. మరుసటిసారి అదే రంగు, ఆ పైసారీ అదే. ఉన్నది ఒకే జత కాబోలని జాలిపడి మా ఆయనతో అంటే ఆయన నవ్వి అసలు సంగతి చెప్పాడు. ఎర్రచొక్కా వేసుకుని విగ్రహం ముందు నిలబడితే ఆ ఎరుపు వెళ్ళి రాతి మీద పడుతుందట. అందుకని ఆ మనిషి రంగుబట్టలు కట్టడమే మానేశాడట. పెళ్ళిళ్ళకు కూడా ఆ చొక్కాతోనే పోతాడట. ఇంకేం, మేము వెనకాల ఆయన్ని విభూతిపండు అని పిలుచుకునేవాళ్ళం. నేనూ పిలిచాను. కాదనను.

బస్సులో వచ్చినంతసేపూ సంచి ఒడిలోనే. దిగగానే ఒకసారి తెరిచి చూసేవాడు, మా గుమ్మంలో ఒకసారి, కొట్టంలో ఒకసారి. తర్వాత దండెం మీద ఆరేసిన చీరలన్నీ తీసేయమనేవాడు. కొట్టంపైన కట్టిన పరదా విప్పమనేవాడు. మా ఆయన భుజాన తువ్వాలు ఎర్రగా ఉంటే అదీ తీయమనేవాడు. గట్టిగా చెప్పడు. రెండు చేతులూ నలుపుకుంటూ, "ఏమనుకోవద్దన్నా, ఆ తువ్వాలొక్కటి..." అని నసుగుతాడు. మా ఆయనకు నవ్వు, విసుగు రెండూ వచ్చేవి.

"రాయికేం తెలుస్తాదన్నా తువ్వాలు సంగతి?"

"రాయికి తెల్దు. ఫిల్ముకు తెలుస్తాది. మన కన్ను మాయలమారి అన్నా, అన్నీ సర్దుకొని చూస్తాది. ఫిల్ము సర్దుకోదు."

వెలుగు కొలిచే మీటరు ఒకటి ఉండేది ఆయన దగ్గర, సబ్బుపెట్టె అంత. దాన్ని విగ్రహం వైపు తిప్పేవాడు కాదు. తన అరచేతిని విగ్రహం ముఖం దగ్గర చాచి, ఆ చేతికి మీటరు చూపించేవాడు. చెయ్యి విగ్రహానికి తగలకూడదు. వెంట్రుకవాసి దూరంలో అలా గాలిలో పట్టుకుని ఉండేవాడు, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూడబోయి ఆగినట్టు. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"ఇది గుడ్డిదమ్మా. దీని లెక్కలో లోకమంతా బూడిదరంగే. నల్లరాయి చూపిస్తే, అయ్యో చీకటి, ఇంకా వెలుగు ఇయ్యి అంటాది. ఇచ్చినామంటే రాయి బూడిదైపోతాది. పాలరాయి చూపిస్తే ఎక్కువైంది తగ్గించు అంటాది. తగ్గిస్తే పాలరాయికి మురికి పడుతాది. చెయ్యి అట్ల కాదు. ఎండలో ఎంతుండాల్నో అంతే ఉంటాది. దాన్ని బట్టి నేను లెక్కేసుకుంటా."

ఇంత తెలిసిన మనిషికి మరి ధైర్యం ఉండాలి కదా. ఉండేది కాదు. బొత్తాం నొక్కిన ప్రతిసారీ పెదవులు కదిపేవాడు. "పడిందో లేదో," అనేవాడు. ఒక్కొక్క కోణంలో మూడేసి ఫోటోలు తీసేవాడు, ఒకటి సరిగ్గా, ఒకటి వెలుగు కొంచెం తగ్గించి, ఒకటి పెంచి. మూడెందుకన్నా అని మా ఆయన అడిగితే, "ఒకటి నాకు, ఒకటి దేవునికి, ఒకటి భయానికి," అన్నాడు. హాస్యానికి అన్నాడనుకుని మేము నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఆ భయం ఎక్కడిదో ఒకరోజు మజ్జిగ తాగుతూ చెప్పాడు. కొత్తలో ఎవరింట్లోనో ముసలావిడ పోతే, పాడె మీద ఫోటో తీయమని పిలిచారట. ఆవిడకు ముగ్గురు కొడుకులు. బతికి ఉండగా ఎప్పుడూ ఫోటో తీయించలేదు. మబ్బు పట్టిన రోజు. మీటరు చెప్పింది నమ్మి తీశాడు. కడిగి చూస్తే తెల్లచీరే తప్ప ముఖం లేదు. వారం తర్వాత కొడుకులు వచ్చారు.

"తిడతారనుకున్నానమ్మా. తిట్టింటే బాగుండు. పెద్దాయన ఆ కాగితం పట్టుకొని, మా అమ్మ మొకం ఎట్లుండెనో ఇంక మాకు కూడా గుర్తుండదు అన్నాడు. అంతే. లేచి పోయినారు. మళ్ళా తీసేదానికి లేదు గదా."

చెప్పి, తాగిన గ్లాసు పక్కన పెట్టి, సంచి తెరిచి మళ్ళీ చూసుకున్నాడు. ఆ పూట నుంచి నేను ఆయన్ని విభూతిపండు అనడం మానేశాను.

ఎనభయ్యో సంవత్సరం దాటాక రంగుల ఫోటోలు అడగడం మొదలైంది. ఆయన భయం రెండింతలైంది. నలుపు తెలుపయితే తన గదిలోనే కడిగి చూసుకునేవాడు. రంగు ఫిల్ము మద్రాసు పంపాలి. అక్కడ ఎవరు కడుగుతారో, ఏ రంగు ఎంత వేస్తారో తెలియదు. అందుకని ఒక ఉపాయం పెట్టుకున్నాడు. సంచి పక్కజేబులో మడిచిన తెల్లగుడ్డ ఒకటి, జేబురుమాలంత. ప్రతి ఫిల్ములో మొదటి ఫోటోకు విగ్రహం పక్కన ఒక కర్రకు దాన్ని తగిలించేవాడు. మద్రాసువాళ్ళకు చీటీ రాసి పెట్టేవాడు, ఈ గుడ్డ తెల్లగా వచ్చేట్టు రంగులు సర్దండి, మిగతావన్నీ దాని ప్రకారమే వేయండి అని. గుడ్డ తెల్లగా వస్తే రాయి నల్లగా వస్తుంది, పసుపు పసుపుగా వస్తుంది. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఆ గుడ్డను ఆయన భార్య ఒక్కతే ఉతికేది. ఒకసారి నేను మడత సరిచేద్దామని చెయ్యి చాపితే, "దాన్ని ముట్టుకోవద్దమ్మా," అన్నాడు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. మడి లాంటిది కాబోలు అనుకున్నాను. అడిగి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

గడివేముల దగ్గర ఒక పల్లెలో గుడి కడుతున్నారు. కట్టించేది తరాల నుంచి భూములున్న రైతు కుటుంబం. ఇంటి పెద్దాయన తుంటి విరిగి మంచంలో ఉన్నాడు. వేణుగోపాలస్వామి విగ్రహం, కృష్ణశిలలోనే చెయ్యాలని మాకు చెప్పారు. కృష్ణశిల అంటే నల్లగా, ఎక్కడా వేరే చార లేకుండా ఉండే రాయి. ఆ రాయి కోసం మా ఆయన ఎన్ని ఊళ్ళు తిరిగాడో నాకు తెలుసు. ఏడు నెలలు చేశాడు. పెద్దాయన కదలలేడు కనుక ఫోటో చూసి సరే అంటే ప్రతిష్ఠ. ముహూర్తం పెట్టుకున్నారు.

ఫోటో తీయాల్సిన రోజుకు ముందురోజు మధ్యాహ్నమే బూడిదరంగు చొక్కా ఆయన వచ్చాడు, వెలుగు ఎటు నుంచి ఎటు పోతుందో చూసుకోవడానికి. కొట్టంలో అటూ ఇటూ తిరుగుతుంటే సంచి పక్కజేబులోంచి గుడ్డ జారి, ఉలులు నూరే చోట బురదలో పడింది. ఆయన చూడలేదు. మా ఆయనతో కలిసి టీ తాగడానికి బజారుకు వెళ్ళాడు. నేను చూశాను. రాతిపొడి, నూనె కలిసిన బురద. ఈ మనిషి చూస్తే గుండె ఆగిపోతుంది అనుకున్నాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను. చల్లగా తీసుకెళ్ళి సబ్బు పెట్టి ఉతికి, మా పంచెలతో పాటు నీలిమందులో ముంచాను. మా ఇంట్లో నీలిమందు ఒక పిసరు ఎక్కువే పడుతుంది. రాతిపొడి పట్టిన బట్టలకు అది లేకపోతే తెలుపు రాదు. ఎండలో గంటలో ఆరిపోయింది. పాత మడతలోనే మడిచి జేబులో పెట్టేశాను. ఆయనకు ఒక భయం తప్పించానని సంతోషపడ్డాను.

మరునాడు మబ్బు వస్తూ పోతూ ఉంది. పెద్దాయన కొడుకు జీపులో వచ్చి కూర్చున్నాడు, ఇస్త్రీ పంచె, చేతికి గడియారం. బేగా కానీయప్పా, బేగా కానీ అని ఒకటే తొందర. పూర్తయిన విగ్రహం ఊరకే ఉండకూడదని నేను పెరట్లోంచి ఒక నందివర్ధనం పువ్వు తెచ్చి పీఠం మీద పెట్టాను. ఆయన గుడ్డ తీసి కర్రకు తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు.

"ఈపొద్దు గుడ్డ బలే తెల్లగుండాదే," అన్నాడు. ఆయన నోట సంతోషపు మాట నేను విన్నది ఆ ఒక్కసారే. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను.

కొడుకు తను కూడా స్వామి పక్కన నిలబడి గుడ్డ ఉన్న ఫోటోలోనే పడ్డాడు. అంతా అయ్యాక ఇంకో మెలిక పెట్టాడు. ముహూర్తం దగ్గర పడింది, మద్రాసు నుంచి ఫోటోలు నంద్యాలకు వచ్చి, మళ్ళీ మా ఊరికి రావడమంటే కుదరదు, నేరుగా మా ఇంటికే పంపించమను అన్నాడు. ఈయన ముఖం పాలిపోయింది. "నేనొకసారి చూసుకొని పంపిస్తా సామీ," అని రెండుసార్లు అన్నాడు. కొడుకు వినలేదు. ఆయనకు ఎదురు చెప్పడం చేతకాదు. చీటీ మీద పల్లె చిరునామా రాసేటప్పుడు కలం ఆగి ఆగి కదలడం చూశాను.

మూడు వారాలకు జీపు వచ్చి మా ఇంటి ముందు ఆగింది. కొడుకు దిగి ఫోటో మా ఆయన చేతిలో పెట్టాడు. నేను భుజం మీద నుంచి చూశాను. స్వామి గోధుమరంగులో ఉన్నాడు. పాత ఇత్తడి చెంబు తోమకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాడు.

"మా నాయన రమ్మన్నాడు. రాయి మార్చినారంటాండాడు. పోటో ఆయన్ని కూడా పిలుచుకొని రాండి."

"విగ్రహం ఈన్నే ఉండాది గదప్పా, నీ కండ్లతో చూడు," అన్నాడు మా ఆయన.

"నేను చూసినా. చెప్పినా. నూనె పూసి నల్లగా చూపించింటార్రా, కెమెరా కాడ నూనె పనిచెయ్యదు అంటాండాడు. నన్నేం చెయ్యమంటావ్?"

మా వృత్తిలో ఒక పట్టింపు ఉంది. ఒక ఊరు వద్దన్న విగ్రహాన్ని ఇంకో ఊరు తీసుకోదు. కళ్ళు తెరిపించకుండానే తీసుకెళ్ళి కుందూ నదిలో వదలాల్సిందే. ఏడు నెలల పని నీళ్ళలో పోతే పోనీ. రాయి మార్చాడన్న మాట ఊళ్ళు తిరిగితే, మా ఆయన మళ్ళీ ఉలి పట్టుకుని ఎవరి కోసం చెయ్యాలి? ఆ రాత్రి ఆయన గోడకు ఆనుకుని కూర్చుని అరచేతులు చూసుకుంటూ ఉండిపోయాడు. ఉత్తరంలో కృష్ణశిల అని రాసింది నువ్వే కదా, నువ్వు కూడా రా అని పొద్దున నాతో అన్నాడు.

నంద్యాలలో దిగి స్టూడియోకు వెళ్ళాం. ఆయన ఫోటో చూసి కుర్చీలో కూలబడ్డాడు. ఫోటోలో ఉన్న గుడ్డను వేలితో తాకి, "ఇది తెల్లగానే వచ్చిందే. మరి రాయెట్ల?" అన్నాడు. మమ్మల్ని కాదు, కాగితాన్ని అడిగాడు. సంచి తగిలించుకుని మా వెంట బయలుదేరాడు. గడివేముల బస్సులో నా ముందు సీట్లో కూర్చున్నాడు. చొక్కా వీపంతా చెమటకు తడిసి, బూడిదరంగు నల్లబడిపోయింది.

ఆ ఇంటి వరండాలో పెద్దాయన నులకమంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. చుట్టూ పదిమంది దాకా ఊరివాళ్ళు కూర్చున్నారు. మంచం కోడుకు కట్టిన కుక్క మమ్మల్ని చూసి లేచింది. ఈయన నా వెనక్కి వచ్చాడు. ఆడమనిషి వెనక దాక్కున్నాడని ఎవరో నవ్వారు.

పెద్దాయన కేకలు వేయలేదు. వేసుంటే అంత భయం ఉండేది కాదేమో. నెమ్మదిగా ఫోటో చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వేనా అప్పా పోటో తీసింది? ఇట్ల రా. ఇది మావాని పంచె. ఏ రంగు?"

"తెలుపు సామీ."

"విగ్రహం ఎనక ఈ గోడ?"

"తెలుపు."

"కర్రకు నువ్వు కట్టిన గుడ్డ?"

"తెలుపే సామీ."

"తెలుపు తెలుపుగా వచ్చింది. రాయి ఒక్కటే రంగు మార్చిందా? అప్పుడు మార్చింది పోటోనా, శిల్పం చెక్కిన ఆచారా?"

మా ఆయన తల దించుకున్నాడు. తెలుపు సరిగ్గా ఉంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే అని ఇన్నేళ్ళుగా మాకు చెప్పిన మనిషే పెద్దాయన ముందు నిలబడి ఉన్నాడు. పెద్దాయన చేతిలోంచి ఫోటో అందుకుని పైనుంచి కిందికి చూడసాగాడు. నేను స్వామిని తలుచుకుంటూ కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ఆయన వేలు ఫోటో కింది భాగంలో ఆగి ఉంది.

"ఇదేం పువ్వమ్మా?" అన్నాడు నాతో.

"నందివర్ధనం. నేనే పెట్టినా."

"సామీ, నందివర్ధనం పచ్చగా పూస్తాదా యాడన్నా?"

పెద్దాయన ఫోటోను మళ్ళీ తీసుకుని కంటి దగ్గరకు తెచ్చుకున్నాడు. పువ్వు పసుపు నీళ్ళలో తడిపినట్టుంది. పంచె తెల్లగా ఉంది, గోడ తెల్లగా ఉంది, పువ్వు పచ్చగా ఉంది. ఈయన సంచిలోంచి గుడ్డ తీశాడు. ఇంట్లో పత్తి ఉంటే ఒక పిడికెడు ఇప్పించమని అడిగాడు. వాళ్ళది పత్తి పండించే ఇల్లే. ఎవరో తెచ్చారు. మంచం మీద పత్తి పెట్టి దాని పక్కన గుడ్డ పరిచాడు.

పత్తి పక్కన గుడ్డ నీలంగా కనిపించింది. కళ్ళున్న ప్రతివాడికీ కనిపించింది.

"నీలిమందు సామీ," అన్నాడు. "మీ పంచెకు చాకలి పెట్టింటాడు. గోడ సున్నంలో గూడా కలిపింటారు. ఈ గుడ్డకు పెట్టకూడదు. మద్రాసువాళ్ళు ఈ నీలాన్ని తెలుపు చేసేదానికి పోటోకంతా పసుపు ఎక్కిచ్చినారు. నీలిమందు పెట్టినవన్నీ తెల్లగైనాయి. దేవుడు చేసినవి, రాయి, పువ్వు, పచ్చబడినాయి."

అంతా ఒక్కసారి అర్థమైంది. నేను ఉతికాను. నేను ముంచాను. నా నోటితో ఒక్క మాట చెప్తే సరిపోయేది. కానీ మా ఆయన పక్కనే ఉన్నాడు, పదిమంది మగవాళ్ళున్నారు, ఆచారి పెళ్ళామే ఆచారి పరువు తీసిందన్న మాట అప్పుడే నా చెవుల్లో మోగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"గుడ్డకు ఎవరప్పా పెట్టింది?" అన్నాడు పెద్దాయన.

ఆయన తలెత్తాడు. నా వైపు చూశాడు. రెప్పపాటే. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో.

"నేనే సామీ. మాసిందని నేనే ముంచినా. బుద్ధి లేక."

"గట్టిగా చెప్పు. వీళ్ళందరూ వినాల. ఆచారి తప్పు లేదు, నా తప్పని చెప్పు."

ముగ్గురు మనుషులుంటే నోరు పెగలని మనిషి, వరండాలో అందరూ వినేట్టు రెండుసార్లు చెప్పాడు. పెద్దాయన మా ఆయన వైపు తిరిగి, విగ్రహం తీసుకొస్తాం ఆచారీ, ఏమనుకోవద్దు అన్నాడు. ఈయనతో మాత్రం, "ఇంత వయసొచ్చి గుడ్డ ఉతికేది తెల్దు, నువ్వేం పోటోలు తీస్తావప్పా? ఇంక మా పక్కకు రావద్దు," అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా, ప్రాణం కుదుటపడిన నవ్వే అయినా, నవ్వాడు.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. మా ఆయన సోడా తాగడానికి అంగడి దగ్గరకు వెళ్ళాడు. ఇప్పుడు చెప్పాలి అనుకుని నోరు తెరిచాను. ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు.

"చెప్పొద్దులేమ్మా. నాకు భయం అలవాటే. నీకు కొత్త."

అప్పుడూ చెప్పలేదు నేను. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయనకు నీలిమందాయన అన్న పేరు స్థిరపడింది. అటు నుంచి పనులు రావడం ఆగిపోయింది. మా ఇంటికి మాత్రం వచ్చేవాడు. అదే చొక్కా, అదే అరచెయ్యి, అదే "పడిందో లేదో". నేను మజ్జిగ ఇచ్చేదాన్ని, ఆయన తాగేవాడు. నా కళ్ళలోకి చూసేవాడు కాదు, నేను భయపడతానని.

ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం ఆయన పోయాడని కబురు తెలిసింది. మా ఆయన వేరే ఊళ్ళో ప్రతిష్ఠ పనిలో ఉన్నాడు. నేనొక్కదాన్నే నంద్యాల వెళ్ళాను. ఆయన భార్యను చూడటం అదే మొదటిసారి. చిన్న మనిషి. కళ్ళు పొడిగా ఉన్నాయి. నేనెవరో చెప్పుకున్నాను. ఆళ్లగడ్డ ఆచారి భార్యనని అనగానే దగ్గరకు జరిగింది.

"ఏమ్మా, గడివేముల పక్క ఏదో తప్పు జరిగిందంట గదా, నీకేమన్నా తెల్సా? ఆ పొద్దు ఇంటికొచ్చినప్పటి నుంచి ఆ తెల్లగుడ్డ నా చేతికియ్యలేదు. తానే ఉతుక్కున్యాడు. నేనేం చేసినానని అడిగితే ఏం లేదులే అంటాడు. ఇన్నేండ్లూ అంతే. ఏం తప్పు చేసింటానా అని నేను తలుచుకోని దినం లేదమ్మా. నా చేతి మీద నమ్మకం పోయింది ఆయనకు."

నేను దాచిన మాట నా దగ్గరే ఉందనుకున్నాను. అది వచ్చి ఈ ఇంట్లో, ఈమె నెత్తిన కూర్చుని ఉంది. లేచి వెళ్ళిపోదామా అనిపించింది. అబద్ధం ఎందుకు, వాకిలి వైపు చూశాను కూడా. అయినా చెప్పాను.

"తప్పు నీది కాదక్కా. ఆ గుడ్డ నేను ఉతికినా. నీలిమందు పెట్టింది నేను."

తిడుతుందని ఎదురు చూశాను. తిట్టినా, కొట్టినా పడదామనుకున్నాను.

"ఆయనకు తెల్సా?"

"తెల్సు. నన్ను కాపాడేదానికి తన మీద వేసుకున్యాడు. ఎవురికీ చెప్పలేదు."

"నాకు గూడా చెప్పలేదే," అంది. తనలో తను అనుకుంటున్నట్టు, "అట్లయితే నా మీద కోపం లేనట్టే," అంది.

అని నా భుజం మీద తల పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. పక్కగదిలోంచి ఆమె చెల్లెలు పరుగెత్తుకొచ్చి, బావ పోయి మూడు దినాలైంది, అక్క ఇంతవరకూ ఏడ్వలేదు, ఏడ్వనీ అంది. నేను కదలకుండా కూర్చున్నాను. ఆళ్లగడ్డకు పోయే ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.